1942 ఏప్రిల్‌లో జపాన్ మన సముద్రాన్ని వదిలేయడం తప్పా?

బరంపురం వాసి:
మా తాత బర్మాలోని రంగం (రంగూన్) పట్నంలో బియ్యం మిల్లు కూలీ. 1942 మార్చి 8న రంగం జపాన్ చేతికి పోయింది. ఆయన అడవులూ కొండలూ నడిచి గంజాం చేరాడు. ఇక్కడా అదే టెన్షన్. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో ఇరవై దాకా సరుకు ఓడలు మునిగాయి. జపాన్ వాళ్లు రేపో మాపో గోపాల్‌పూర్‌లో దిగుతారని మావాళ్లు మూటలు కట్టుకున్నారట. వాళ్లు దిగలేదు. దిగకపోవడాన్ని నేను తప్పు పట్టను. హిందూ మహాసముద్రాన్ని వదిలేయడమే జపాన్ తప్పు.

మధ్యధరా దారి దాదాపు మూసుకుపోయింది. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్ సేనాని రోమెల్‌ను ఎదుర్కొంటున్న బ్రిటిష్ సైన్యానికి సరుకు ఆఫ్రికా చుట్టూ తిరిగి హిందూ మహాసముద్రం మీదే వచ్చేది. ఇరాన్‌లోని అబాదాన్ చమురు, ఆ దేశం మీదుగా రష్యాకు వెళ్లే సామగ్రి కూడా ఈ నీళ్ల మీదే. ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలీ దెబ్బతిన్నాయి. హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌక మునిగింది. బ్రిటన్ తన పాత యుద్ధనౌకలను ఆఫ్రికా తీరానికి పంపేసింది. అంత చేసి జపాన్ నౌకాసేనాని నగుమో ఐదు విమానవాహక నౌకలతో వెనక్కి వెళ్లిపోయాడు!

జయపురం మాస్టారు:
బాబూ, మ్యాపు మీద అన్నీ దగ్గరగానే కనిపిస్తాయి. ఆ ఓడలు పెర్ల్ హార్బర్ దాడి నాటి నుంచి తిరుగుతూనే ఉన్నాయి, మరమ్మతు కావాలి. సింహళం పట్టాలన్నా సైన్యం కావాలి. జపాన్ సైన్యంలో ఎక్కువ భాగం చైనాలో, మంచూరియాలో ఇరుక్కుంది. దళాలు ఇచ్చేది లేదని సైన్యాధికారులు నౌకాదళానికి తెగేసి చెప్పారు. పైగా వెనక అమెరికా ఉంది. దాన్ని వదిలి ఇటు తిరిగితే ఇల్లు ఎవరు కాస్తారు?

పర్లాకిమిడి తమ్ముడు:
మరి జపాన్ మిత్రదేశం జర్మనీ ఏం చేసిందన్నా?

బరంపురం వాసి:
అదే నా బాధ తమ్ముడూ. 1942 జనవరి 18న బెర్లిన్‌లో ఒప్పందం చేసుకుని, 70 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర గీత గీసుకున్నారు. ఇటు నీది, అటు నాది. పొలం పంచుకున్నట్టు. ఉమ్మడి పథకం మాత్రం లేదు. బ్రిటన్, అమెరికా కూడా గట్టిగానే పోట్లాడుకున్నాయి, కానీ ఇద్దరి సేనాధిపతులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ముందు జర్మనీ సంగతి తేల్చాలని నిర్ణయించుకున్నారు.

మాస్టారూ, సైన్యం దించమని నేను అనలేదండీ. జలాంతర్గాములు చాలు. ఆ జూన్, జులైలలో కొద్దిపాటి జపాన్ జలాంతర్గాములే మొజాంబిక్ జలసంధిలో దాదాపు ఇరవై సరుకు ఓడలను ముంచాయి. జూన్ 21న లిబియాలో బ్రిటన్ చేతిలో ఉన్న టోబ్రూక్ రేవు రోమెల్ చేతికి పోయింది, ఈజిప్టుకు ప్రతి ఓడా ప్రాణమే. అప్పుడే ఆ జలాంతర్గాములు తిరిగి వెళ్లిపోయాయి. ఇక నగుమో తీసుకెళ్లిన ఐదింటిలో మూడు జూన్‌లో పసిఫిక్‌లోని మిడ్వే దీవి దగ్గర అమెరికా చేతిలో మునిగాయి. ఇల్లు కాసింది ఎక్కడండీ?

జయపురం మాస్టారు:
జలాంతర్గాముల మాట ఒప్పుకుంటాను. వాళ్లు వాటిని యుద్ధనౌకల వేటకే దాచుకున్నారు, సరుకు ఓడలను చిన్నచూపు చూశారు. అయితే పసిఫిక్‌లో అమెరికా ఆగదు కదా. ఇక్కడ ఆరు నెలలు గెలిచినా, అక్కడి లోటు ఎలా పూడుస్తారో చెప్పు.