కంప్యూట్ యూనిట్లు ఎక్కువ ఉండడం మేలా, క్లాక్ వేగం ఎక్కువ ఉండడం మేలా?

నమస్కారమండి. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. తమ్ముడూ నేనూ ఏడాదిగా దాచుకున్న డబ్బుతో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ అనే రెండు గేమ్ కన్సోళ్లలో ఒకటి కొనాలనుకుంటున్నాం. రెండింటినీ పక్కపక్కన ఆడి చూసే వీలు మాకు లేదు కనుక, హార్డ్‌వేర్ తెలిసినవారి సలహా కోరుతున్నాను.

2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటిలోనూ చిప్‌ల తయారీ సంస్థ ఏఎండీ వారి జెన్ 2 తరహా ఎనిమిది కోర్ల ప్రాసెసరే ఉంది. తేడా అంతా గ్రాఫిక్స్ దగ్గర మొదలవుతోంది. ఎక్స్‌బాక్స్‌లో 52 కంప్యూట్ యూనిట్లు (గ్రాఫిక్స్ చిప్‌లో లెక్కలు చేసే భాగాలు) 1.825 గిగాహెర్ట్జ్ స్థిర క్లాక్ వేగంతో పనిచేసి సుమారు 12 టెరాఫ్లాప్స్ (ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు) ఇస్తుండగా, ప్లేస్టేషన్‌లో 36 యూనిట్లే ఉన్నా వాటి వేగం 2.23 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది కాబట్టి లెక్క 10.28కి చేరుతోంది. వేగం పెరిగితే క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న, వేగవంతమైన మెమరీ), రాస్టరైజర్ (ఆకారాలను తెరమీది చుక్కలుగా మార్చే భాగం) కూడా వేగంగా నడుస్తాయి కదా. మరి టెరాఫ్లాప్స్ ఒక్కటే చూసి బలాన్ని తేల్చడం సరైనదేనా? నాకైతే సరికాదనిపిస్తోంది.

ప్లేస్టేషన్ వేగం గది వేడిని బట్టి కాక, చిప్ మీద పడే పనిభారాన్ని బట్టి మారుతుందని చదివి, మా వేసవిని తలచుకుని కొంత ఊరట చెందాను.

నన్ను ఎక్కువగా వేధిస్తున్నది మెమరీ. ప్లేస్టేషన్‌లో 16 జీబీ మొత్తం సెకనుకు 448 జీబీ వేగంతో అందుతుంది. ఎక్స్‌బాక్స్‌లో 10 జీబీకి 560, మిగిలిన 6 జీబీకి 336 మాత్రమే. ఈ విభజన వల్ల ఆటలు తయారుచేసేవారికి నిజంగా ఇబ్బంది కలుగుతుందా? మా ఇంట్లోది 1080పీ టీవీ. దానిమీద ఈ తేడాలు కంటికి తెలుస్తాయా అన్నది అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.