‘సౌధంబు దాపల’ – ఎడమా, దగ్గరా?

అనంతపురం వ్యాయామోపాధ్యాయుడు: సాఫ్ట్‌బాల్ నేర్చుకునే ఆడపిల్లల కోసం ఫీల్డింగ్ స్థానాలు తెలుగులో రాస్తున్నాను. లెఫ్ట్ ఫీల్డ్ దగ్గర కలం ఆగింది. పోతన గజేంద్రమోక్షంలోని ‘అల వైకుంఠపురంబులో’ పద్యంలో సౌధం పక్కన మందారవనం ఉంటుంది కదా, అక్కడ ‘దాపల’నా, ‘దాపున’నా? దాపల అయితే ఎడమ అని వాడుకోవచ్చా?

కదిరి పద్యప్రియుడు: ‘దాపున’ ఎలా కుదురుతుందండీ? ‘దా’తో మొదటి పాదం ముగుస్తుంది, ‘పల’తో రెండోది మొదలవుతుంది. అల, పల, త్పల, హ్వల. ప్రాస లకారం. అక్కడ ‘న’ పెడితే మత్తేభం కుంటుతుంది.

రాయదుర్గం రైతు: అక్షరం తేలింది, అర్థం తేలలేదు. ‘సమీపాన’ అని చెప్పి దాటేస్తారు చాలామంది. కాడికి కట్టినప్పుడు దాపటి ఎద్దు ఎడమది, వలపటి ఎద్దు కుడిది. పోతన సేద్యం చేశాడని అందరూ అంటారు, ఆయన మాటను మాత్రం పొలంలోకి రానివ్వరు.

కర్నూలు పాఠకురాలు: సరే, ఎవరి ఎడమ? సౌధంలో ఉన్నవారిదా, బయట నిలబడి చూసేవారిదా?

అనంతపురం వ్యాయామోపాధ్యాయుడు: ఆటలో ఆ తగాదా లేదమ్మా. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ వైపు నుంచి మైదానంలోకి చూస్తే ఎడమ ఏదో అదే లెఫ్ట్ ఫీల్డ్. క్రికెట్‌లో ఎడమచేతి బ్యాటర్ వస్తే ఆఫ్, లెగ్ తారుమారవుతాయి, ఇక్కడ మారవు. కానీ బ్యాటర్‌కు ఎదురుగా నిలబడ్డ పిల్లకు లెఫ్ట్ ఫీల్డ్ తన కుడి పక్కన ఉన్నట్టు కనిపిస్తుంది. తికమకంతా అక్కడే. అందుకే స్కోరు పుస్తకంలో అంకెలే వాడతారు: బంతి విసిరే పిచర్ 1, క్యాచర్ 2, రెండో, మూడో బేస్‌ల (పరుగులో తాకాల్సిన మజిలీల) మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, ఎడమ, మధ్య, కుడి ఫీల్డర్లు 7, 8, 9.

రాయదుర్గం రైతు: మడక వెనక నిలబడి చూసినా లెక్క అంతే. మా ఎద్దులు మీ క్యాచర్ పక్షమే.

కడప గ్రంథాలయ సభ్యుడు: నా ఊహ వేరు. దాపల కన్నా మీకు ‘దాపు’ అక్కరకొస్తుంది. దాపు అంటే దగ్గర, ఆసరా కూడా. బ్యాకప్‌కు అంతకన్నా మంచి మాట ఉందా? షార్ట్‌స్టాప్ బంతి అందుకుని మొదటి బేస్‌కు విసిరితే రైట్ ఫీల్డర్ ఆ బేస్ వెనక్కి పరుగెత్తుతుందని విన్నాను. ఆమె దాపు.

అనంతపురం వ్యాయామోపాధ్యాయుడు: నిజమే. బేస్‌కూ బేస్‌కూ 60 అడుగులే. విసురు గతి తప్పితే రన్నర్ ఇంకో బేస్ కొట్టేస్తుంది. బంట్ పడితే, అంటే బ్యాటర్ బంతిని కొట్టకుండా మెల్లగా తాకించి దగ్గర్లోనే పడేస్తే, మొదటి, మూడో బేస్ వాళ్లు ముందుకు ఉరుకుతారు. ఖాళీ అయిన మొదటి బేస్‌ను రెండో బేస్ అమ్మాయి కాపాడాలి. బంతి దగ్గరికి పోని పిల్లకే పని ఎక్కువ.

కదిరి పద్యప్రియుడు: అయితే ‘సిరికిం జెప్పడు’ పద్యం మీ పిల్లలకు వినిపించకండి. ఎవరికీ చెప్పకుండా ఉరికేవాడు ఫీల్డర్‌గా పనికిరాడు. ఇద్దరి మధ్య లేచిన బంతికి ‘నాది’ అని అరవకపోతే ఇద్దరూ గుద్దుకుంటారు. ‘తన వెంటన్ సిరి, లచ్చి వెంట నవరోధవ్రాతమున్, దాని వెన్కను బక్షీంద్రుడు, వాని పొంతను...’ ఇది మాత్రం చెప్పండి. ఒకరి వెనక ఒకరు, వరుస చెడదు.

కర్నూలు పాఠకురాలు: అది వరుస కాదు, కంగారు. విష్ణువు ఎక్కడికి పోతున్నాడో తెలియక అందరూ ఒకే దారిన పడ్డారు. మైదానంలో తొమ్మిది మంది బంతి వెంట పడితే బేస్‌లు ఎవరు చూస్తారు?

కడప గ్రంథాలయ సభ్యుడు: చూశారా, ఇక్కడ దగ్గర అనడానికి ‘పొంత’ వాడాడు. అక్కడ ‘దాపల’ వేశాడంటే ఎడమ అనే కదా? ఒంటిమిట్ట రాముడి ముందు నిలబడ్డవాడికి కుడి ఎడమలు బాగా తెలుసు.

వరంగల్ నుంచి ఒక సభ్యుడు: బమ్మెరలో నిలబడినా తెలుస్తాయి.

కడప గ్రంథాలయ సభ్యుడు: వచ్చారూ! పోతనది ఒంటిమిట్టా, బమ్మెరా అన్న సంగతి వేరే చర్చలో తేల్చుకుందాం.

రాయదుర్గం రైతు: నాదొక సందేహం. ఒకే పాదంలో సిరి అని వెంటనే లచ్చి ఎందుకు? యతి కోసమా?

కదిరి పద్యప్రియుడు: యతి ‘త’కూ ‘రోధ’లోని ‘ధ’కూ. లచ్చికి ఆ పని లేదు. ‘సిరి వెంట’ అంటే గణం చెడుతుంది, వేసి చూడండి.

కర్నూలు పాఠకురాలు: గణం ఒక్కటే కారణమా? పోతన అంతటివాడికి ఇంకో మాట దొరకలేదంటారా?