"దయచేసి" అంటే కోపం ఎందుకు వినిపిస్తుంది?

మొన్న ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయికి ఒక మెసేజ్ పెట్టాను: "దయచేసి ఆ ఫైలు ఈ రోజే పంపగలరు." పది నిమిషాల్లో నా సీటు దగ్గరికి వచ్చి, "నా మీద కోపమొచ్చిందా అండీ?" అంది. పాపం, టెన్షన్ పడిపోయింది. నేను మర్యాదగానే రాశాననుకున్నాను. పైగా మొదలుపెట్టిందే "దయ"తో! మరి ఆ దయ ఎక్కడికి పోయినట్టు?

రిటైరైన తెలుగు మాస్టారు:
ఎక్కడికీ పోలేదమ్మా, అసలది మీది కాదు. "దయచేసి"లో దయ చేయాల్సింది ఎదుటి మనిషి. "దయచేయు" అనే క్రియ చిత్రమైనది. ఇవ్వడం, రావడం, వెళ్ళడం, మూడింటికీ పనికొస్తుంది. "దేవుడు దయచేసిన బిడ్డ" అంటే ఇచ్చిన బిడ్డ. "లోపలికి దయచేయండి" అంటే రండి. ఇక్కడ దయ చేసింది తలుపు తీసినవాడు కాదు, గుమ్మం తొక్కినవాడు. నాకు ఈ మాటలో బాగా నచ్చేది ఇదే. ఇక తలుపు వైపు చెయ్యి చూపిస్తూ "తమరిక దయచేయండి" అంటే గెంటేయడమే!

అనువాదాలు చేసే ఆవిడ:
మాస్టారి మాటకు కొనసాగింపు. "దయచేసి" అనగానే ఎదుటి మనిషిని ఒక మెట్టు పైన కూర్చోబెడతాం. దేవుడికీ, అధికారికీ అది సరిపోతుంది. రోజూ పక్క సీట్లో కూర్చునే మనిషిని ఉన్నట్టుండి అంత పైకెక్కిస్తే దూరం పెట్టినట్టే ఉంటుంది. ఇంట్లో ఎప్పుడూ "నువ్వు" అనేవాళ్ళు ఒకరోజు "మీరు" అంటే గుండె గుభేలుమనదూ?

పైగా ఆ "పంపగలరు" ఒకటి. అది నోటీసు బోర్డు భాష, "గమనించగలరు" లాగ. అందులో అడగడం లేదు, మీరు పంపుతారని ముందే తేల్చేయడం ఉంది.

ఒక సభ్యుడు:
నేను ఒప్పుకోను. రాతలో గొంతు వినపడదు కాబట్టి "దయచేసి" ఉండాల్సిందే. అది కూడా తీసేస్తే "ఫైలు పంపండి" అని మిగులుతుంది, అది ఇంకా మొరటు.

అనువాదాలు చేసే ఆవిడ:
తీసేసి ఊరుకోమనలేదండి, తెలుగులో అడిగే తీరులు వేరే ఉన్నాయి అంటున్నాను. చేతినిండా సామానుతో మెట్లెక్కుతున్న మనిషి వెనక వస్తున్నవాళ్ళతో ఏమంటుంది? "కాస్త ఈ సంచీ పట్టుకోమ్మా" అంటుంది. ఈ "కాస్త" ఉంది చూశారూ, "కాసంత"కు తోబుట్టువు, అది మనిషిని పెద్ద చేయదు, పనిని చిన్నది చేస్తుంది. బరువు అంతే ఉన్నా అవతలివాళ్ళకు తేలిగ్గా అనిపిస్తుంది. కుదరకపోతే కుదరదనడానికి కూడా వీలుంటుంది.

ఇంకొకటి, "పట్టుకోవూ", "చెప్పవూ", "ఇవ్వరూ" అని చివర సాగదీసి అడగడం. రూపం చూస్తే కాదనే మాట, భావం మాత్రం బతిమాలడం. ఈ మధ్య ఇది తగ్గిపోయి, ఆ చోటంతా "ప్లీజ్" ఆక్రమించింది. "ప్లీజ్"ని కూడా మనం "ప్లీీీజ్" అని సాగదీసే అంటాం లెండి, అలవాటు ఎక్కడికి పోతుంది!

రిటైరైన తెలుగు మాస్టారు:
"లెండి" కూడా చేర్చుకోండి. పొరపాటున కాలు తొక్కినవాడు నొచ్చుకుంటుంటే "పర్లేదు లెండి" అంటాం. ఆ "పర్వా" పారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది, "లెండి" మనది. ఉత్త "పర్లేదు" అంటే ఒక్కోసారి ముఖం ముడుచుకున్నట్టుంటుంది. "లెండి" తగిలిస్తే అవతలివాడు ఊపిరి పీల్చుకుంటాడు.

ప్రశ్న అడిగినామె:
ఇవాళ ఇంకో ఫైలు కావాల్సి వచ్చింది. "వీలు చూసుకుని కాస్త ఆ రెండోది కూడా పంపుతారా?" అని రాశాను. "ఇదిగో పంపేశానండీ" అని వెంటనే జవాబొచ్చింది. తెరిచి చూస్తే మళ్ళీ మొదటి ఫైలే. "పర్లేదు లెండి" అని రాసి, రెండోదాని కోసం చూస్తున్నాను.