లారీ డోబీ హోమ్ రన్లు ఎన్నని రాయాలి?

అందరికీ నమస్కారమండీ. మేం న్యూజెర్సీలో ఉంటాం. బేస్‌బాల్ ఆటగాడు లారీ డోబీ హైస్కూల్ చదువు ఇక్కడి ప్యాటర్సన్‌లోనే సాగిందని తెలిసి, మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టుకు ఆయన్నే ఎంచుకుంది.

1947 జులై 5న క్లీవ్‌లాండ్ జట్టు తరఫున దిగి, అమెరికన్ లీగ్‌లో (అక్కడి రెండు మేజర్ లీగ్‌లలో ఒకటి) ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. తొలిరోజు జట్టులో కొందరు ఆయనతో చేయి కూడా కలపలేదట. అది చదివి పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. మరుసటి ఏడే వరల్డ్ సిరీస్ (ఛాంపియన్‌షిప్ పోటీ) నాలుగో మ్యాచ్‌లో ఆయన హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. ఆ గెలుపు తర్వాత ఆయన జట్టులోనే ఉన్న తెల్లజాతి పిచర్ (బంతి విసిరే ఆటగాడు) స్టీవ్ గ్రోమెక్, డోబీ చెంపకు చెంప ఆనించి నవ్వుతున్న ఫోటోనే అట్ట మీద అంటించాం.

చిక్కల్లా అంకెల దగ్గరే. పాత పుస్తకాల్లో 253 హోమ్ రన్లని ఉంది. కానీ అంతకుముందు ఆయన నీగ్రో లీగ్‌లలో (నల్లజాతి ఆటగాళ్లకు అప్పట్లో విడిగా ఉన్న లీగ్‌లు) నూవార్క్ ఈగిల్స్ జట్టుకు ఆడాడు కదా, ఆ లీగ్‌ల గణాంకాలను 2024లో మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపారు. ఇప్పుడు మొత్తం కలిపి రాయాలా, విడివిడిగా చూపాలా? నాకైతే కలపడమే న్యాయమనిపిస్తుంది.

ఇంకొకటి, డోబీలా సెకండ్ బేస్‌లో (లోపలి ఫీల్డింగ్ స్థానం) ఆడేవాణ్ని సెంటర్ ఫీల్డ్‌కు (దూరంగా మధ్యలో ఉండే స్థానం) మార్చితే ఏమేం కొత్తగా నేర్చుకోవాలి? క్రికెట్ మాత్రమే తెలిసిన నాకు అర్థమయ్యేలా ఎవరైనా చెప్పగలరా?