సమస్యాపూరణం: తెల్లచీర గట్టి తెఱవ మురిసె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. తెఱవ, అంటే స్త్రీ, పెండ్లికూతురే కావాలన్నది నియమం. మన పల్లెల్లో నిన్నమొన్నటి వరకు తెల్లచీర అనగానే వైధవ్యమే గుర్తుకు వచ్చేది కాబట్టి, ఆ తెలుపును పెండ్లిపీట మీదికి తెచ్చి ఒప్పించడంలోనే చిక్కుంది.

గుంటూరు సభ్యురాలి పూరణ:

పసుపు పాదములకుఁ బారాణి మెఱయంగ
నెఱ్ఱయంచు నేత నింపు మీఱ
మనువు పీటపైన మధుపర్కములఁ దాల్చి
తెల్లచీర గట్టి తెఱవ మురిసె

రాజమహేంద్రవరం మాస్టారు: అమ్మా, మొదటి రెండు పాదాలు కన్నులపండువుగా ఉన్నాయి. పట్టుచీరల ధగధగలన్నీ చూసి అలసిన కంటికి, ఎఱ్ఱంచు తెల్లని నూలుచీరలో పసుపు పాదాలతో కూర్చున్న పెండ్లికూతురు కనబడితే కలిగే హాయి అందులో ఉంది. అయితే మధుపర్కాలంటేనే ఆ తెల్లని నూలుబట్టలు. వాటిని తాల్చిన పిల్ల మళ్ళీ తెల్లచీర కట్టడం పునరుక్తి కదా!

గుంటూరు సభ్యురాలు: మాస్టారూ, మూడో పాదాన్ని ‘మనువు పీటపైన మధుపర్క మను పేర’ అని మారిస్తే సరిపోతుందాండీ?

నిర్వాహకుడు: పునరుక్తి పోయింది గాని ‘పేర’ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తరువాతి తకారం దకారమై ‘పేరఁ దెల్లచీర’ అవుతుంది, అప్పుడు ఇచ్చిన పాదమే మారిపోతుంది. ‘మధుపర్క మనియెడి’ అనండి. గణం, యతి, సంధి మూడూ నిలుస్తాయి.

డాలస్ సభ్యుడి పూరణ: మా సహోద్యోగిని పెండ్లి చూసి వచ్చిన ఊపులో వ్రాశాను.

నేలఁ దాఁకు గౌను నెమ్మదిఁ బైకెత్తి
లేసు ముసుగు లోన లేత నగవు
దాచి తండ్రి వెంటఁ దడబడి నడతెంచి
తెల్లచీర గట్టి తెఱవ మురిసె

ఇక్కడి పెండ్లిగౌన్లలో ఎన్ని తీరులో! నడుము దగ్గర బిగిసి కింద గుమ్మటంలా విచ్చుకునే బాల్ గౌను, మోకాళ్ళ దాకా ఒంటికి అతుక్కుని అక్కడినుంచి చేపతోకలా విరిసే మెర్మెయిడ్, నడుము నుంచి పాదం దాకా క్రమంగా వెడల్పయ్యే ఎ-లైన్, వీటిలో నాకు చివరిదే నచ్చింది. వెనుక మూరల కొద్దీ పాకే ‘ట్రెయిన్’ను పట్టుకోవడానికి ఒక తోడు అమ్మాయి కావలసిందే. ఈ తెలుపు అనాదిది కాదట; 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తెల్లని శాటిన్ గౌనుకు ఇంగ్లండులోని హోనిటన్ ఊరి లేసు కుట్టించుకుని పెండ్లాడిన తరువాతే అది బాగా ప్రచారంలోకి వచ్చిందని, అంతకు ముందు చాలామంది తమకున్న మంచి రంగు బట్టలతోనే కానిచ్చేవారని చదివాను.

రాజమహేంద్రవరం మాస్టారు: లేసు ముసుగులో లేత నగవు ఒక్కటే చాలు బాబూ, మిమ్మల్ని మెచ్చుకోవడానికి. కాని మొదటి పాదంలో గౌను తొడిగిన పిల్లకు నాలుగో పాదంలో చీర ఎక్కడినుంచి వచ్చింది? గౌనును ‘కట్టి’ అనడమూ కుదరదు.

గుంటూరు సభ్యురాలు: డాలస్ అన్నగారికి అంత దూరపు పెండ్లి అక్కరలేదు. మా వైపు క్రైస్తవ వివాహాల్లో చాలామంది అమ్మాయిలు గౌనుకు బదులు తెల్లచీరే కట్టుకుని, కొప్పు మీదినుంచి లేసు ముసుగు వేసుకుని, చేతిలో పూలగుత్తితో చర్చిలోకి నడుస్తారు. ‘గౌను’ తీసి ‘కుచ్చె’ అనండి. నేల తాకే కుచ్చెళ్ళను రెండు వేళ్ళతో పైకెత్తి నడవడం ఎంత సహజం!

నిర్వాహకుడు: ఒక్క మాటతో పద్యం ఒడ్డున పడింది. ‘నేలఁ దాఁకు కుచ్చె’ ఖాయం. గౌనుకు వేరే సమస్య ఇద్దాం.

సూరత్‌లో స్థిరపడిన సభ్యురాలి పూరణ:

మేనమామ యిచ్చె మెఱుపంచు కోకను;
మెట్టినింటి యెఱుపు మీఁద ననుచు
గుజ్జరాతి పెండ్లిఁ గోలాట మాడి యా
తెల్లచీర గట్టి తెఱవ మురిసె

ఇది పానేతర్ చీర. తెల్లని పట్టు నేలకు ఎఱ్ఱని అంచు ఉంటుంది, మేనమామ పెడతాడు. అత్తవారు ఎఱ్ఱని ఘర్‌చోళా చీర పెడతారు. పద్యంలో ‘మీఁద’ అంటే తరువాత అని.

డాలస్ సభ్యుడు: కోలాటమాడాక చీర కట్టడమేమిటండీ?

సూరత్ సభ్యురాలు: ఆట పెండ్లి ముందు రాత్రి, చీర మరునాడు.

రాజమహేంద్రవరం మాస్టారు: క్రమం సరే. పుట్టింటి తెలుపు, మెట్టినింటి ఎఱుపు ఒకే పద్యంలో పక్కపక్కన నిలిపిన ఆలోచన మూడింటిలోనూ మేలైనదని నా అభిప్రాయం. అయితే ‘మెఱుపంచు’లో ఎఱుపు కనబడదు, జరీ అనుకుంటారు.

నిర్వాహకుడు: అది అంత దోషం కాదు మాస్టారూ. అంచు రంగు కూడా చెబితే రెండో పాదంలోని ఎఱుపు వన్నె తగ్గుతుంది. నేనైతే ముట్టుకోను.