అమ్మకు కొత్త పళ్ల సెట్టు అలవాటు కావడం లేదు, ఏం చేయాలి?

అమ్మకు 67 ఏళ్లు. మూడు వారాల క్రితం పైనా కిందా పూర్తి పళ్ల సెట్టు పెట్టించాం. పైది బాగానే పట్టుకుంది. కిందిదానితోనే బాధంతా, నాలుక కదిలితే చాలు లేచిపోతోంది. పై సెట్టుకు అంగిలి ఆసరా ఉంటుంది, కిందిదానికి ఉండదు, కాబట్టి టైం పడుతుందని డాక్టర్ చెప్పారు.

మాది మహబూబ్‌నగర్ వైపు. రాత్రికి జొన్నరొట్టె లేనిదే అమ్మకు తిన్నట్టే ఉండదు. ఇప్పుడు రొట్టె పాలలో నానబెట్టి ఇస్తున్నాను, రెండు వైపులా కొంచెం కొంచెంగా నమలమంటున్నాను. నిన్న రెండు ముద్దలు తిని, కొంగు అడ్డం పెట్టుకుని సెట్టు తీసి స్టీలు గిన్నెలో పెట్టేసింది. చూస్తే కింద ఎడమవైపు చిగురు మీద కందిగింజంత ఎర్రటి పుండు. శనివారం చూపిస్తాం. ఎక్కడ ఒరుసుకుంటోందో తెలియాలంటే ఆ పొద్దున సెట్టు పెట్టుకునే రమ్మన్నారు.

అన్నిటికంటే నాకు టెన్షన్ మాట గురించి. పొద్దున స్తోత్రం చదువుతుంటే శ, స దగ్గర గాలి పోతోంది. సిగ్గుపడి ఫోన్‌లో అక్కతో కూడా మాట్లాడడం మానేసింది. ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఇల్లంతా బోసిపోయినట్టుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు కింది సెట్టు ఎన్నాళ్లకు కుదురుకుంది? అతికించే క్రీమ్ రోజూ వాడారా? రోజూ పైకి చదివితే మాట సర్దుకుందా? మళ్లీ జొన్నరొట్టె తినగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి, అమ్మకు చదివి వినిపిస్తాను.