రాత్రి 11కి బ్రెడ్డూ వెన్నా, చెవుల్లో అదే ట్యూన్. మానుకోవాలా?

రాత్రిమెలకువ:

అమ్మకి కీమో మొదలై ఇది 4వ నెల. ఆస్పత్రి, మందులు, ఆఫీసు పని, పరామర్శ ఫోన్లు, వీటితో పగలు ఎలా గడుస్తుందో తెలియదు. రాత్రి 11 దాటాక అమ్మకి నిద్ర పడుతుంది. అప్పుడు వంటగదిలోకి వెళ్ళి రెండు బ్రెడ్ ముక్కలు వెన్నతో కాల్చుకుని, పైన పంచదార చల్లుకుని నిలబడే తింటాను. చిన్నప్పుడు నాకు జ్వరం తగ్గిన రోజు అమ్మ చేసిపెట్టేది అదే. తింటూ ఇయర్‌ఫోన్స్‌లో ఒక పియానో ట్యూన్ పెట్టుకుంటాను. ఏడు నిమిషాలుంటుంది. అందులో మాటలుండవు. ఇప్పుడు మాటలున్న పాట ఏది విన్నా ఏడుపొచ్చేస్తోంది, అందుకని.

మొదట్లో రెండు ముక్కలతో ఆగేదాన్ని. ఇప్పుడు ఆకలి లేకపోయినా ఐదారు తినేస్తున్నాను, తిన్నాక తృప్తీ ఉండటం లేదు. అంతకంటే భయపెడుతున్నది ఇంకొకటి. పది రోజులుగా ఆ ట్యూన్ మొదలవగానే గుండె దడదడలాడుతోంది. ఇన్నాళ్ళూ నన్ను నిలబెట్టింది అదే, ఇప్పుడు అదీ పోతోందా అనిపిస్తోంది. ఇలా ఎవరికైనా అయిందా? రెండూ మానేయాలా?

ఉదయంనడక:

అమ్మగారు త్వరగా కోలుకోవాలి. నా మాట వింటే, ముందు పంచదార పూర్తిగా మానేయండి. రాత్రిపూట తీపి అలవాటైతే వదలదు. దాని బదులు అరగంట నడవండి, మనసు అదే కుదుటపడుతుంది. నాకు అలాగే తగ్గింది.

నాన్నపక్కమంచం:

చెల్లెమ్మా, నేను మానమని చెప్పను. మా నాన్నకి పక్షవాతం వచ్చాక 14 నెలలు ఆయన పక్కన మంచం వేసుకుని పడుకున్నవాణ్ణి. నాకైతే అది చాక్లెట్. దిండు కింద పెట్టుకునేవాణ్ణి, చీకట్లో చప్పుడు కాకుండా కాగితం విప్పడం కూడా నేర్చుకున్నాను. అందుకే మీరు రాసింది చదివి ఊరుకోలేకపోయాను.

మొదటి వారం నాకు అన్నమే సహించలేదు. తర్వాత ఆపలేనంత తిండి. అది నా బలహీనత అనుకుని చాలా తిట్టుకున్నాను. డాక్టరుని అడిగితే వివరంగా చెప్పారు. ఒక్కసారిగా భయం వేస్తే ఒంట్లో అడ్రినలిన్ పెరిగి ఆకలి చచ్చిపోతుంది. అదే టెన్షన్ వారాల తరబడి సాగితే కార్టిసాల్ అనే హార్మోను ఎక్కువై ఆకలిని పెంచుతుంది, అదీ ముఖ్యంగా కొవ్వూ తీపీ ఉన్నవాటి మీదికి. వెన్న, పంచదార రెండూ మీ ప్లేటులో ఉన్నాయి. కాబట్టి ఆ ఐదారు ముక్కల గురించి మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

తర్వాత నేను చదివిన ఒక విషయం నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. 2014లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు కొందరికి బాధ కలిగించే సినిమా దృశ్యాలు చూపించారు. తర్వాత ఒకసారి వాళ్ళకి మనసు బాగోలేనప్పుడు తినాలనిపించే తిండి, ఇంకోసారి మామూలు తిండి పెట్టారు. కొన్నిసార్లు ఏమీ పెట్టలేదు. అన్నిసార్లూ మనసు దాదాపు ఒకేలా తేరుకుంది. మరి నా చాక్లెట్ చేసిందేమిటి అని కోపం వచ్చింది నాకు. ఇప్పుడు నాకు తోచేది ఇది: ఆ ప్రయోగంలో సినిమా అయిపోతుంది. మనకి అయిపోదు. తెల్లారితే మళ్ళీ అదే గది. అలాంటప్పుడు ఆ తిండి తీసుకొచ్చేది రుచిని కాదు, మనిషిని. 2011లో వచ్చిన మరో పరిశోధన కూడా ఇలాంటి తిండి దగ్గరివాళ్ళ జ్ఞాపకంతో ముడిపడి ఉంటుందనే చెప్పింది. నాకు చాక్లెట్ తెచ్చిపెట్టింది నాన్నే. జీతం రోజున చొక్కా జేబులో పెట్టుకొచ్చేవారు.

మీ బ్రెడ్ ముక్కలో ఉన్నది మీ అమ్మగారు. ఆవిడ పక్క గదిలో ఉండగానే ఆవిడ కోసం వంటగదిలో వెతుక్కుంటున్నారు మీరు. ఇలా రాయడం తప్పయితే క్షమించండి, నేనూ అదే చేశాను కాబట్టి రాస్తున్నాను. ఒక్క రోజు దాన్ని 11 గంటలకి కాకుండా సాయంత్రం, ఆవిడ మెలకువగా ఉన్నప్పుడు, ఆవిడ పక్కన కూర్చుని తినండి. ముందు అడగండి, ఎందుకంటే కీమోలో కొందరికి వెన్న వాసనకే వికారం వస్తుంది. వద్దంటే బయట తిని వెళ్ళి, అదే తిన్నానని చెప్పండి చాలు.

ఇక ట్యూన్. నాకు స్కానింగ్ గది బయట కూర్చుని విన్న పాట ఒకటుంది. దాదాపు రెండేళ్ళు దాన్ని వినలేకపోయాను, మొదలవగానే ఆ కారిడార్ వాసన వచ్చేది. 2011లోనే మాంట్రియల్ శాస్త్రవేత్తలు గమనించిందేమిటంటే, ఇష్టమైన సంగీతం వింటుంటే మెదడులో ఆనందంతో ముడిపడిన డోపమైన్ అనే రసాయనం విడుదలయ్యేది పాట పతాకస్థాయికి చేరినప్పుడే కాదు, అది రాబోతోందని ఎదురుచూసే క్షణాల్లో కూడా. అంటే మెదడు ముందే ఊహించుకుంటుంది. మీ ట్యూన్‌లో మొదటి స్వరాలు వినగానే, ఆ వేళకి రోజూ మీ మనసులో తిరిగే ఆలోచనల్ని కూడా ఊహించుకోవడం మొదలుపెట్టిందని నా నమ్మకం. ట్యూన్ చెడిపోలేదు. రోజూ అదే గంటకి, అదే భయంతో కలిపి వాడాం, అంతే. కొన్నాళ్ళు పక్కన పెట్టండి. నా పాట నాకు తిరిగొచ్చింది. ఇప్పుడు నాన్నతో కలిసి వింటున్నాను, ఆయన ఎడమచేత్తో తాళం వేస్తారు.

ఈలోగా ఏం వినాలంటే, ఒక్కసారే ప్రశాంతమైనది పెట్టకండి. సంగీత చికిత్స చేసేవాళ్ళు ముందు మన మనసు ఏ వేగంలో ఉందో అలాంటి సంగీతంతో మొదలుపెట్టి, మెల్లగా నెమ్మదైనదానికి తీసుకెళ్తారు. నాకు అది పనిచేసింది. ఇంకో మాట, మధ్యలో ఆపి చూడండి. 2006లో ఇటలీలో 24 మందికి రకరకాల సంగీతం వినిపించి మధ్యలో రెండు నిమిషాలు నిశ్శబ్దం ఉంచితే, ఆ నిశ్శబ్దంలోనే గుండె వేగం, రక్తపోటు బాగా తగ్గాయట. నేను పాట అయ్యాక ఇయర్‌ఫోన్స్ తీయకుండా అలాగే కూర్చునేవాణ్ణి. నాన్న శ్వాస వినిపించేది.

వార్డుడ్యూటీ:

నేను క్యాన్సర్ వార్డులో నర్సుని. పైన అన్నయ్య చెప్పినవి బాగున్నాయి, ఒక్కటి కలుపుతాను. అమ్మా, మీరు ఎన్ని గంటలు నిద్రపోతున్నారో రాయలేదు. నిద్ర తక్కువైతే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. రాత్రి 8కి గుడ్డో, పాలో, వేడి సూపో తీసుకుంటే 11కి ఇంత తినాలనిపించదు. పేషెంటుతో వచ్చినవాళ్ళలో రాత్రి భోజనం మానేసేవాళ్ళే ఎక్కువ, నేను రోజూ చూస్తాను. గుండెదడ ట్యూన్ లేనప్పుడు కూడా వస్తుంటే మాత్రం డాక్టరుకి చూపించుకోండి, అమ్మగారి అపాయింట్‌మెంట్ రోజునే మీ సంగతీ అడగండి.

రాత్రిమెలకువ:

అందరికీ థాంక్స్. నిద్ర నాలుగు గంటలే, నిజం. దడ ఆ ట్యూన్‌కి తప్ప రావడం లేదు, అయినా గురువారం అడుగుతాను. ట్యూన్‌ని ఫోన్‌లోంచి తీసేయడానికి మనసు రాలేదు, వేరే ఫోల్డర్‌లో పెట్టాను.

అన్నయ్యా, మీరు రాసింది మూడుసార్లు చదివాను. నిన్న సాయంత్రం అమ్మని అడిగి, ప్లేటు పట్టుకుని పక్కన కూర్చున్నాను. తను తినలేకపోయింది కానీ ప్లేటు వైపు చాలాసేపు చూసి, "పంచదార తర్వాత చల్లావా? వెన్న మీద ముందే చల్లి, తిరగేసి కాల్చాలే. అది కొంచెం మాడితేనే ఆ రుచి" అంది. నాకు తెలియదు. నాలుగు నెలలుగా వేరేలా చేసుకుంటున్నాను. లేచి మళ్ళీ ఒకటి కాల్చాను, వంటగదిలోంచి "ఇప్పుడు తిప్పనా?" అని అరుస్తుంటే అమ్మ లోపల్నుంచి చెప్పింది. ఆ ఒక్కటే తిన్నాను.